నచ్చిన పుస్తకాన్ని తోటి పాఠకుల చేతికి చేర్చడం ఎలా?

"అక్కా, ఈ పుస్తకమంటే నాకు ప్రాణం. ఎంత చెప్పినా ఒక్కరు కూడా తీసుకుపోవట్లేదు. ఏం చెయ్యాలి?"

నల్లగొండలో మేం పుస్తకాల గురించి చెప్పుకోవడానికి నెలకోసారి కూర్చునే చోట ఈ ప్రశ్న వినని నెల లేదు. మహబూబ్‌నగర్ నుంచి, దేవరకొండ నుంచి, గద్వాల నుంచి ఫోన్ చేసి మరీ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. తప్పు చాలావరకు పుస్తకానిది కాదు, వినేవాళ్ళదీ కాదు. మనం పుస్తకాన్ని పొగుడుతున్నాం, పంచుకోవట్లేదు. పొగడ్త వింటే మనిషి తల ఊపుతాడు. పుస్తకంలోని ముక్క చెవిన పడితే చెయ్యి చాపుతాడు.

మొదటిసారి నేను బాగా ఇష్టమైన నవల గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. రచయిత పుట్టిన ఊరు, వచ్చిన బహుమతులు, కథ మొత్తం, ఆఖరికి ఎవరు చనిపోతారో కూడా చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. పుస్తకం మాత్రం నా సంచీలోనే ఇంటికి వచ్చింది. మరుసటి నెల అదే పుస్తకం తీసుకుపోయి ఒక్క పేజీ చదివాను. కరువు ఏడాది. ఇంట్లో ఐదుగురు. తల్లి సోలతో జొన్నలు కొలుస్తోంది. సోల నిండాక పైన కుప్పగా నిలిచిన గింజల్ని అరచేత్తో నిమిరి గుమ్మిలోకే జారవిడుస్తుంది. పిల్లల వైపు చూసి, ఇంకోసారి నిమురుతుంది. అక్కడ ఆపాను. వెనక కూర్చున్న పెద్దమ్మ "మా అమ్మ గూడ గట్లనే తీసేది బిడ్డా" అంటూ చెయ్యి చాపింది. ఆమె తర్వాత ఆ పుస్తకం ఏడు ఇళ్ళు తిరిగింది.

కింద రాసిందంతా ఆ ఒక్క పేజీని వెతకడం, చదవడం, ఆ తర్వాత పుస్తకాన్ని జాగ్రత్తగా తిప్పడం గురించే.

ఏమేం కావాలి

- మీ సొంత పుస్తకం. వీలైతే రెండు కాపీలు.
- ఒక పెన్సిల్, గుర్తు పెట్టుకోవడానికి నాలుగైదు కాగితం ముక్కలు. పాత బస్ టికెట్లు చక్కగా పనికొస్తాయి.
- ఒక లాంగ్ నోట్‌బుక్. అప్పు పుస్తకాల లెక్క అందులోనే.
- అట్టలు వేయడానికి పాత క్యాలెండర్ కాగితాలు.
- ఐదుగురి నుంచి పన్నెండు మంది దాకా మనుషులు. పన్నెండు దాటితే అది సభ అయిపోతుంది, మైకు అడుగుతారు.
- కూర్చోవడానికి చప్పుడు లేని చోటు.

1. ఇష్టమైన వాటిలోంచి పంచుకునే పుస్తకాన్ని ఏరండి

ఇష్టమైనవన్నీ పంచుకోవడానికి పనికిరావు. కొన్ని పుస్తకాలు మనం ఫలానా వయసులో, ఫలానా బాధలో చదివాం కాబట్టి మనకు అంటుకుపోయాయి. వాటిని మన దగ్గరే ఉంచుకుందాం. మిగతా వాటికి మూడు ప్రశ్నలు వేయండి.

ఈమధ్య మళ్ళీ చదివారా? ఇది తప్పనిసరి. మా దగ్గర ఒక సార్ ఇరవై ఏళ్ళ కిందటి జ్ఞాపకంతో ఒక నవల ఇచ్చారు. తీసుకున్న అమ్మాయి అందులో ఒక కులం గురించి రాసిన మాటలు చదివి చాలా బాధపడింది. ఆ మాటలు అందులో ఉన్నట్టు సార్‌కు గుర్తే లేదు. మరుసటి నెల ఆయన ఆ అమ్మాయికి అందరి ముందూ క్షమాపణ చెప్పారు. అప్పటి నుంచి, ఆ నెలలో మళ్ళీ చదవని పుస్తకం గురించి ఎవరూ మాట్లాడకూడదని మేం అనుకున్నాం.

ఇప్పుడు దొరుకుతుందా? తెలుగు పుస్తకాలు చాలావరకు వెయ్యి కాపీలు, ఒక్కోసారి ఐదు వందలే వేస్తారు. అయిపోతే మళ్ళీ ఎప్పుడు వేస్తారో తెలియదు. దొరకని పుస్తకం గురించి చెప్పి ఊరించడం కన్నా దొరికేదాన్ని ఎంచుకోండి. లేదా మీ కాపీ చేతులు మారడానికి సిద్ధపడండి.

ఎన్ని పేజీలు? కొత్తగా చదివేవాళ్ళకు నూట యాభై లోపు మంచిది. మన జిల్లా గ్రంథాలయాల్లో పొద్దున తలుపు తీసినప్పటి నుంచి గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలే కనిపిస్తారు. వాళ్ళ చేతిలో ఐదు వందల పేజీల నవల పెడితే టెన్షన్ పడతారు. పది నిమిషాల్లో ఒక కథ అయిపోయే సంపుటి ఇస్తే చాయ్ తాగుతూ చదువుతారు. అట్లా ఒక్క కథతో మొదలై ఏడాదిలో పద్నాలుగు పుస్తకాలు చదివిన అబ్బాయి మాకు తెలుసు.

జాగ్రత్త: నాన్న సంతకం ఉన్న కాపీ, రచయిత రాసిచ్చిన కాపీ, పెళ్ళిలో వచ్చిన కాపీ బయటికి ఇవ్వకండి. పోతే పుస్తకంతో పాటు స్నేహం కూడా పోతుంది. అదే పుస్తకం ఇంకో కాపీ కొని అది తిప్పండి.

2. ఒక్క పేజీ వెతకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. నేను ఒక్కోసారి నాలుగు రోజులు తీసుకుంటాను.

పుస్తకం మళ్ళీ చదువుతున్నప్పుడు, మీ చదువు వేగం దానంతట అదే తగ్గిన చోటల్లా పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. గీతలు గీయకండి, తర్వాత చదివేవాళ్ళకు అడ్డం. అయిపోయాక ఆ చుక్కల దగ్గరికే తిరిగి వెళ్ళి, ఒక్కోటి గొంతెత్తి చదవండి. కంటితో చదివినప్పుడు బాగున్నది చెవికి బాగుండకపోవచ్చు. పెద్ద పెద్ద వర్ణనలు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి.

మిగిలిన వాటిలో దేన్ని తీసుకోవాలి? రెండు వాక్యాల్లో ముందు సంగతి చెప్పి నేరుగా చదవగలిగేది. "ఈమె ఆయన రెండో భార్య, ఆ పిల్లవాడు మొదటి భార్య కొడుకు, అయితే ఊళ్ళో వాళ్ళకు ఆ విషయం తెలియదు, ఎందుకంటే..." అని మొదలుపెట్టాల్సి వస్తే ఆ పేజీ వదిలేయండి. కళ్ళ ముందు కనిపించే వస్తువు ఏదో ఒకటి ఉండాలి: ఒక సోల, ఒక తాళం చెవి, చిరిగిన చెప్పు, బాయి గిలక. అభిప్రాయాలు నిండిన పేజీ విన్నప్పుడు బాగుంటుంది, ఇంటికి పోయేలోగా మరిచిపోతారు. మొదటి పేజీ వద్దు, అది ఎట్లాగూ వాళ్ళే చదువుకుంటారు. చివరి పేజీలు అసలే వద్దు.

పెద్ద పుస్తకానికి కూడా ఇదే పద్ధతి. మన పాలమూరు గడ్డ మనిషి, 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తీసుకోండి. అది 1949లో వచ్చింది. తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే ఇచ్చారు, అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు. ఇదంతా చెబితే అందరూ గౌరవంగా వింటారు, పుస్తకం మాత్రం ముట్టరు. చరిత్ర అనగానే పరీక్షలే గుర్తొస్తాయి కదా. కానీ ఆ పుస్తకం నిండా జనమే ఉన్నారు: ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ పండుగలు చేశారు, పిల్లలు ఏం ఆడుకున్నారు. మేం ఆటల సంగతి ఉన్న చోట తెరిచి రెండు నిమిషాలు చదివాం. అంతలోనే వింటున్నవాళ్ళు చిర్రగోనె, గోటీలు, కచ్చకాయలు అంటూ తమ ఆటలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి పుస్తకాన్ని మేం మొయ్యాల్సిన పని లేకపోయింది.

పేజీ దొరికాక ఇంట్లో మూడుసార్లు బయటికి చదవండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ పెన్సిల్‌తో చిన్న అడ్డగీత పెట్టుకోండి. మూడు నిమిషాలు దాటితే కత్తిరించండి, అంటే ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించుకోండి.

యాస గురించి. పుస్తకంలో ఏ యాస ఉంటే అదే చదవండి. దాన్ని పాఠ్యపుస్తకం భాషలోకి మార్చి చదవకండి, ప్రాణం పోతుంది. మీ నోటికి రాకపోతే వచ్చినవాళ్ళతో చదివించండి. గద్వాల వైపు వాళ్ళకు కర్నూలు మాట అలవాటే. నారాయణపేట వాళ్ళ మాటలో కన్నడం కలుస్తుంది. మా దగ్గర రాయలసీమ కథ వస్తే అలంపూర్ నుంచి వచ్చే తమ్ముడే చదువుతాడు.

కవిత్వమైతే పద్ధతి వేరు. చిన్న కవిత ఒక్కటే, రెండుసార్లు చదవండి. మధ్యలో ఏమీ చెప్పకండి. వ్యాసాల పుస్తకమైతే ఒక్క పేరా చాలు.

3. నాలుగు వాక్యాలు రాసుకోండి

కాగితం మీద రాయండి. మనసులో ఉంటే సరిపోదు, మాట్లాడేటప్పుడు నాలుగు నలభై అవుతాయి.

ఒకటి: ఈ పుస్తకం నా దగ్గరికి ఎట్లా వచ్చింది.
రెండు: ఇది నన్ను ఏం చేసింది.
మూడు: ఇది ఎవరికి నచ్చుతుంది.
నాలుగు: ఇది ఎవరికి నచ్చకపోవచ్చు.

రెండో వాక్యం దగ్గర చాలామంది తడబడతారు. "ఇది అద్భుతమైన పుస్తకం, ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సింది" అని రాస్తారు. ఆ మాట ఏ పుస్తకానికైనా అతుకుతుంది, అందుకే వినేవాళ్ళకు ఏమీ అందదు. మా దగ్గర రిటైర్ అయిన ఆర్టీసీ కండక్టర్ ఒకాయన వలస కూలీల కథల గురించి ఇట్లా చెప్పారు: "ముప్పై ఏళ్ళు పాలమూరు నుంచి బొంబాయి బస్సు ఎక్కేవాళ్ళకు టికెట్ కొట్టిన. వాళ్ళు అక్కడ దిగినంక ఏమైతరో ఈ పుస్తకం చదివినంకనే తెలిసింది." ఆ రోజు ఆ పుస్తకం కోసం నలుగురు పేర్లు రాయించుకున్నారు.

నాలుగో వాక్యం దాచకండి. మొదటి యాభై పేజీలు నెమ్మదిగా నడుస్తాయనో, చావు ఎక్కువనో, హింస ఉందనో ముందే చెప్పండి. ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళకు విడిగా చెప్పండి. ఇట్లా చెబితే చదివేవాళ్ళు తగ్గుతారని భయపడతారు. తగ్గరు. మీ మాట మీద నమ్మకం పెరిగి, మీరు ఇంకోసారి చెప్పింది కూడా తీసుకుంటారు.

4. చోటు, వేళ చూసుకోండి

నకిరేకల్ దగ్గరి మాధవరంలో 1915లో పుట్టిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టి, పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. చదివేవాళ్ళు రావాలని ఎదురుచూడలేదు, వాళ్ళున్న చోటికే పోయారు. మనమూ మనుషులు సులువుగా రాగలిగే చోటే చూసుకోవాలి.

ఇంటి డాబా, బడి వరండా, గ్రంథాలయం బయటి అరుగు, పార్కులో చెట్టు నీడ, ఏదైనా సరే. గ్రంథాలయం లోపలి హాలు మాత్రం వద్దు. అక్కడ పరీక్షలకు చదివే పిల్లలుంటారు, మన మాటలు వాళ్ళకు ఇబ్బంది. లైబ్రేరియన్‌ను ముందే కలిసి అడిగితే వరండా ఇస్తారు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, ఆ వారంలో అయితే వాళ్ళే పిలిచి చోటిస్తారు.

వేళ విషయంలో మేం రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి ఐదున్నరకు ముగిస్తాం. అంతకు మించి సాగదీయకండి. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కాబట్టి ఇప్పుడు హాలియా నుంచి, చండూరు నుంచి కూడా అక్కలు వస్తున్నారు. ఐదున్నరకు లేస్తేనే చీకటి పడకముందు ఇల్లు చేరతారు. బతుకమ్మ రోజులు, మార్చిలో పిల్లల పరీక్షలు, పెళ్ళిళ్ళ ముహూర్తాలు చూసుకుని తేదీ పెట్టండి. చెర్వుగట్టు జాతరప్పుడు నల్లగొండలో, కురుమూర్తి జాతరప్పుడు మహబూబ్‌నగర్‌లో పెట్టుకుంటే కుర్చీలే మిగులుతాయి.

తిండి: మిర్చి బజ్జీలు, గుడాలు ఏవైనా పెట్టండి, కానీ పుస్తకాలు సంచుల్లోకి వెళ్ళాకే. నూనె వేలిముద్ర పడిన పేజీ ఎన్నటికీ బాగుపడదు.

5. ఏడు నిమిషాల్లో చెప్పండి

వరుస ఇది: రాసుకున్న మొదటి వాక్యం, పేజీకి ముందు సంగతి రెండు వాక్యాల్లో, పేజీ చదవడం, కొంచెం సేపు మౌనం, మిగతా మూడు వాక్యాలు, పుస్తకం పేరు, రాసినవారు, పేజీలు, ధర, ఎక్కడ దొరుకుతుంది. అంతే.

ఆ మౌనం దగ్గర ఓపిక పట్టండి. చదవడం అయిపోగానే "ఎట్లుంది? బాగుంది కదా?" అని అడగాలనిపిస్తుంది. అడగకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. అప్పటిదాకా మాట్లాడనివాళ్ళు ఆ పది అంకెల్లోనే నోరు తెరుస్తారు.

నిలబడి చెప్పకండి, అందరితో పాటు కూర్చునే చెప్పండి. ఒక రోజుకు ముగ్గురు చెబితే చాలు. ఐదుగురు చెబితే మొదటి రెండు పుస్తకాల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

కథ ఎంతవరకు చెప్పాలి? పుస్తకం మొదటి పావు వంతులో జరిగేది చెప్పవచ్చు. ఆ తర్వాతది ఎవరు అడిగినా చెప్పకండి. బతిమాలినా సరే.

6. పుస్తకం చేతిలో పెట్టండి

మీరు మాట్లాడుతున్నప్పుడు పుస్తకం చుట్టూ తిప్పకండి. చేతిలో పుస్తకం ఉన్నవాళ్ళు వినరు, అట్ట చూస్తుంటారు. మాట్లాడడం అయ్యాక, గుర్తు పెట్టిన పేజీ తెరిచి, పక్కవాళ్ళకు అందించండి. ఒక్కొక్కరూ ఒక నిమిషం చూసి ముందుకు పంపాలి.

ఎవరి దగ్గర పుస్తకం ఆగిపోతోందో గమనించండి. చేతులు మారుతూ వచ్చిన పుస్తకం ఒకరి ఒళ్ళో రెండు నిమిషాలు ఉండిపోయిందంటే వాళ్ళే మీ పాఠకులు. సిగ్గుపడి అడగకపోవచ్చు. లేచేటప్పుడు దగ్గరికి వెళ్ళి "తీసుకుపోతారా అక్కా?" అంటే చాలు. అందరి ముందు "నువ్వు చదవాలమ్మా" అని అంటగట్టకండి. మొహమాటానికి తీసుకున్న పుస్తకం టీవీ పక్కనే ఉండిపోతుంది, మూడు నెలలకు అట్లాగే తిరిగొస్తుంది.

ఒకరికన్నా ఎక్కువమంది అడిగితే, ముందు అడిగినవాళ్ళకు కాకుండా తొందరగా చదివేవాళ్ళకు ముందు ఇవ్వండి. క్యూ కదులుతుంది.

7. నోట్‌బుక్‌లో రాసుకోండి

ఐదు గడులు: తేదీ, పుస్తకం, తీసుకున్నవారు, ఇవ్వాల్సిన తేదీ, వచ్చిందా. తీసుకున్నవాళ్ళతోనే రాయించండి. తన చేత్తో రాసిన తేదీని మనిషి మరిచిపోడు, మరిచిపోయినా గుర్తు చేసినప్పుడు నొచ్చుకోడు. స్నేహితుల మధ్య లెక్కేమిటని మేం మొదట్లో రాయలేదు. ఆ ఏడాది పదకొండు పుస్తకాలు పోయాయి. ఎవరి దగ్గర ఉన్నాయో ఈరోజుకీ తెలియదు.

గడువు వచ్చే నెల కూర్చునే రోజు దాకా. చదవడం కాకపోతే పుస్తకం తెచ్చి చూపించి, మళ్ళీ రాసి తీసుకుపోవచ్చు. ఇక్కడ ముఖ్యమైంది పుస్తకం మళ్ళీ కళ్ళబడటం.

ఇచ్చే ముందు క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి, మొదటి పేజీ మూలన పెన్సిల్‌తో పేరు రాయండి. తిరిగి వచ్చిన పుస్తకాన్ని ఒక పూట నీడలో గాలికి ఆరబెట్టి అరలో పెట్టండి. అరలో కలరా ఉండలు వేస్తే పురుగు చేరదు. వానాకాలంలో అర గోడకు ఆనకుండా రెండు వేళ్ళ సందు వదలండి, చెదలు గోడ వెంబడే ఎక్కుతాయి.

8. పుస్తకం తిరిగొచ్చినప్పుడు సరైన ప్రశ్న అడగండి

"ఎట్లుంది?" అని అడిగితే "బాగుంది" అంటారు. దాంతో మాట అయిపోతుంది. "ఎక్కడ ఆపి మళ్ళీ చదివారు?" అని అడగండి, లేదా "ఎవరి మీద కోపం వచ్చింది?" అనండి. చదివినవాళ్ళు వెంటనే చెబుతారు. చదవనివాళ్ళు కూడా నిజం చెప్పేస్తారు, ఎందుకంటే ఈ ప్రశ్నకు అబద్ధం చెప్పడం కష్టం. చదవలేదంటే ఏమీ అనకండి. ఎన్నో పేజీలో ఆగారో మాత్రం అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. ముగ్గురు అదే చోట ఆగారంటే, ఈసారి పుస్తకం ఇచ్చేటప్పుడు "అరవయ్యో పేజీ దగ్గర కొంచెం బరువుగా ఉంటుంది, దాటేయండి" అని చెప్పవచ్చు.

వాళ్ళకు నచ్చలేదంటే వాదించకండి. మీ ఇష్టమైన పుస్తకాన్ని ఎవరో కాదంటే కడుపులో కలుక్కుమంటుంది, నాకు ఇప్పటికీ అంతే. అయినా వినండి. ఎందుకు నచ్చలేదో తెలిస్తే ఆ మనిషికి తర్వాత ఏ పుస్తకం ఇవ్వాలో తెలుస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

రచయిత జీవితం చెప్పడంలోనే సమయం అయిపోవడం. పుట్టిన తేదీ, చదువు, బిరుదులు అట్ట వెనక ఉంటాయి. అవి చెప్పాలనిపిస్తే పుస్తకం మళ్ళీ చదవలేదని అర్థం.

ఒకేసారి ఐదు పుస్తకాలు సిఫారసు చేయడం. ఒక్కటే చెప్పండి.

"ఈ రోజుల్లో ఎవరు చదువుతున్నారు, అందరూ ఫోన్లు చూసుకుంటూ..." అని మొదలుపెట్టడం. ఎదురుగా ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చి కూర్చున్నవాళ్ళ ముందు ఈ మాట అంటే వాళ్ళను అవమానించినట్టే.

పిల్లలకు నీతి కోసం పుస్తకం ఇవ్వడం. "ఇది చదివితే బుద్ధి వస్తుంది" అన్న పుస్తకాన్ని ఏ పిల్లవాడూ తెరవడు. మీరు చదువుతూ నవ్వండి, ఏమిటని వాడే వచ్చి అడుగుతాడు.

పీడీఎఫ్‌లు గ్రూపుల్లో పడేయడం. దీని గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. మన రచయితల్లో చాలామంది సొంత డబ్బుతో పుస్తకం వేసుకుంటారు. వాళ్ళ పుస్తకాన్ని స్కాన్ చేసి పంచితే ఇంకో పుస్తకం వేసే శక్తి వాళ్ళకు ఉండదు. చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి. ఆ గడువు దాటినవి ఎవరైనా పంచుకోవచ్చు. సురవరం వారు 1953లో పోయారు కాబట్టి ఆయన సాంఘిక చరిత్రకు ఇప్పుడు అడ్డం లేదు, తెలుగు వికీసోర్స్‌లో చదువుకోవచ్చు కూడా. బతికున్న రచయిత పుస్తకమైతే కొని ఇవ్వండి, లేదా మీ కాపీ అప్పుగా ఇవ్వండి.

పని జరిగిందో లేదో ఎట్లా తెలుస్తుంది

చప్పట్లు చూడకండి, నోట్‌బుక్ చూడండి. మీరు చెప్పిన పుస్తకాన్ని ఆరోజు కనీసం ఒక్కరు తీసుకుపోయారా? రెండు నెలల్లో రెండో మనిషి చేతికి వెళ్ళిందా? ఈ రెండూ జరిగితే సరిగ్గా చెప్పినట్టే. మీకు తెలియని మనిషి, చదివినవాళ్ళ ద్వారా విని, "ఆ జొన్నలు కొలిచే పుస్తకం మీ దగ్గర ఉందంట" అని ఫోన్ చేస్తే ఇంకా బాగా చెప్పినట్టు. చూడండి, వాళ్ళు పుస్తకం పేరు అడగరు, పేజీని అడుగుతారు.

ఎవరూ తీసుకోకపోతే వెంటనే పుస్తకం మార్చకండి. పేజీ మార్చి వచ్చే నెల మళ్ళీ ప్రయత్నించండి. రెండోసారీ అంతే అయితే అప్పుడు పక్కన పెట్టండి.

కలిసి కూర్చునే వీలు లేకపోతే

వాయిస్ మెసేజ్ పంపండి. అదే పద్ధతి: ఒక వాక్యం, ఒక పేజీ, నాలుగు నిమిషాల లోపు. ఫ్యాన్ ఆపి, తలుపు వేసి రికార్డు చేయండి. గ్రూపులో కాకుండా ఒక్కొక్కరికి విడిగా, పేరు పెట్టి పిలిచి పంపితే వింటారు.

దూరం పంపాలంటే పోస్టాఫీసులో 'జ్ఞాన్ పోస్ట్' ఉంది, 2025 మే 1 నుంచి మొదలైంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా అయితే 100 రూపాయలు, పన్ను అదనం. నూట యాభై పేజీల మామూలు పుస్తకం చాలావరకు ఆ 300 గ్రాముల్లోనే పడుతుంది. ముందు పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ పైన గట్టి కాగితం వేయండి. రోడ్డు, రైలు మార్గంలో పోతుంది కాబట్టి కొంచెం ఆలస్యమవుతుంది. ఎక్కువ పుస్తకాలుంటే ఆర్టీసీ కార్గోలో బస్టాండ్ నుంచి బస్టాండ్‌కు వేయవచ్చు.

ఇంట్లో చదువు రాని పెద్దవాళ్ళుంటే వాళ్ళను వదిలేయకండి. రోజుకు రెండు పేజీలు చదివి వినిపించండి, రాత్రి అన్నాలయ్యాక అయితే బాగుంటుంది. మా అత్తమ్మకు ఎనభై దాటాయి, అక్షరం రాదు. చదవడం ఆపగానే గుర్తు కాగితం ఆమె చేతికి ఇస్తాను. ఆమే పేజీల మధ్య పెట్టి, పుస్తకం దిండు కింద దాచుకుంటుంది. మరునాడు రాత్రి నేను పళ్ళాలు కడిగి వచ్చేసరికి ఆ పేజీ తీసి పట్టుకుని కూర్చుంటుంది.